వంటింటి తలుపు మంచమైన వైనం

పోయిన నెలలో మా అమ్మాయి కొత్త ఫ్లాటులోకి భోజనాల బల్ల కొనుక్కుంటానంటే, తోడుగా ఖమ్మంలో ఒక పెద్ద ఫర్నిచర్ దుకాణానికి వెళ్ళాను. అద్దాల గదిలో చల్లగాలి కింద ఒక బల్ల పెట్టి ఉంది. టేకుదే. కానీ దాని నిండా మేకు చిల్లులు, చిల్లుల చుట్టూ నల్లటి మరకలు. పాపం, పాత సరుకు ఎవరో అంటగట్టి ఉంటారనుకుని, దుకాణం కుర్రాడికి నెమ్మదిగా ఆ మాటే చెప్పాను. అతను నవ్వి, "పాతది కాదాంటీ, కొత్త చెక్కే. చిల్లులు మేమే కొట్టిస్తాం. ఇప్పుడు ఇదే ఫ్యాషన్" అన్నాడు. మేకులు దింపి, పీకి, చిల్లుల్లో నల్లరంగు పోసి, పైన మెరుగు పెడతారట. ధర వినగానే పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను; దాని ధరా అడుగుతారేమోనని వెంటనే లేచాను. అప్పుడు నాకు నవ్వొచ్చింది. చిన్నగా మొదలైన నవ్వు ఎంతకీ ఆగలేదు. "అమ్మా, అందరూ చూస్తున్నారు" అని మా అమ్మాయి మోచేత్తో పొడిచింది. చూడనీ. ఈ చిల్లుల సంగతి నాకు తెలిసినంతగా ఆ దుకాణంలో ఎవరికీ తెలియదు. ఈ చిల్లుల కోసమే మా అత్తమ్మ ఒకనాడు నడిరోడ్డు మీద కొప్పు విప్పుకుని నిలబడింది.

మా అత్తవారి ఊరు జూలూరుపాడు దాటాక, తారు రోడ్డు వదిలి అడవి వైపు తిరిగితే వస్తుంది. ఇంటి వెనక అరుగు మీద కూర్చుంటే టేకు చెట్లు కనిపిస్తూనే ఉంటాయి. కనిపించడం వరకే. కొట్టే హక్కు ఎవరికీ లేదు. ఊళ్ళో ఎవరింట్లోనైనా కొత్త టేకు సామాను కనబడితే చుట్టాలకంటే ముందు ఫారెస్టు గార్డు వచ్చి చూసేవాడు. పర్మిట్ కాగితం ఉంటే సరి, లేకపోతే కేసు. అందుకని ఆ దిక్కున చెక్కకు చావు ఉండేది కాదు. తాత ఇంటి దూలం తండ్రి ఇంటి వాసమై, అదే మనవడికి పీటయ్యేది. అలా పాత చెక్కతో ఏం చేయించుకున్నా మేకు చిల్లులు మాత్రం పూడ్చేవారు కాదు. చూసేవాళ్ళకు అందంగా ఉండదు, నిజమే. కానీ "ఇది పాతది, అడవిలో కొట్టింది కాదు" అని చెప్పే సాక్షి ఆ చిల్లే. తమ సాక్షి నోరు తామే మూసే తెలివితక్కువ పని అక్కడ ఎవరూ చేయరు. చేసినది ఒక్క మా అత్తమ్మే, అదీ జన్మకొకసారి.

నేను మధిర వైపు నుంచి కోడలిగా వచ్చినదాన్ని. "ఏమండీ, వచ్చారా, కూర్చోండి" అని నేనంటే మా అత్తమ్మ చెవికి అది రేడియోలో వార్తల్లా వినిపించేదట. "మా కోడలు వార్తలు సదువుతది" అని వాడకట్టంతా చెప్పుకునేది. ఆమెకు పారేయడమన్నది చేతకాని పని. బండి చక్రం విరిగితే దాని నడుమ ఉండే కుండ ఆమెకు కూర్చునే పీట. నాగలి మేడి గోడకు బిగిస్తే మామయ్య తువ్వాలు తగిలించే కొయ్య. నులక మంచం కోళ్ళు నాలుగు నాలుగు చోట్లకు వెళ్ళి నాలుగు పనులు చేసేవి. పెళ్ళికి వెళితే అందరూ పెళ్ళికూతురి నగలు చూస్తుంటే ఈవిడ పందిరి గుంజలు చూసేది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా చెవిలో, "ఆ మూల గుంజ మద్ది కట్టె బిడ్డా. రేపు పొయ్యిల వెడ్తరు సూడు, పాపం" అని నిజంగానే బాధపడేది.

మా ఆయనకు కొత్తగూడెంలో గుమాస్తా ఉద్యోగం. వరుసగా నాలుగైదు వాటాలున్న ఇంట్లో ఒకటి కిరాయికి తీసుకున్నాం. కాపురం పెట్టించడానికి వచ్చిన అత్తమ్మ రెండో రోజుకే బొగ్గు గనులకు మందుగుండు తెచ్చే చెక్కపెట్టెలు ఎవరో పాతవి అమ్ముతున్నారని పసిగట్టింది. రెండు తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చితే అది మా పుస్తకాల బీరువా. ఇంకో రెండు పక్కపక్కన పెట్టి పైన బొంత పరిస్తే అది వచ్చినవాళ్ళు కూర్చునే సోఫా. బొంత కాస్త పక్కకు జరిగితే చాలు, కింద ఎర్రరంగుతో పుర్రె బొమ్మ, 'అపాయం' అన్న మాట కనిపించేవి. మా ఆయన స్నేహితులు కూర్చునే ముందు ఒకసారి వంగి చూసేవాళ్ళు. ఇంటి ఓనరమ్మ మాత్రం గడపలోనే నిలబడి అంతా కలయజూసి, "ఏంది పెద్దమ్మా, పాత సామాన్ల దుకాణం పెడుతున్నరా?" అని నవ్వింది. హాస్యానికే అన్నదనుకుంటాను. అత్తమ్మ కూడా నవ్వింది. కానీ ఆ పూట అన్నం సగమే తింది. తనను అంటే పట్టించుకునేది కాదు. కొడుకు కాపురాన్ని అన్నారని మనసులో పెట్టుకుంది.

ఆ మరుసటి ఏడు వానలకు ముందు మామయ్య బండి మీది నుంచి వెల్లకిలా పడ్డారు. నడుము దెబ్బ తిన్నది. కొత్తగూడెం దవాఖానాలో కొన్నాళ్ళు ఉంచి, ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటే మాట గట్టిగా చెప్పాడు. మెత్తటి పరుపు వద్దు, నులక మంచం అసలే వద్దు, బల్లలాంటి గట్టి మంచం మీద కదలకుండా పడుకుంటే లేచి నడుస్తాడు, లేకపోతే ఆయన అదృష్టం. దవాఖానాకు దగ్గరని మా కిరాయి ఇంటికే తీసుకొచ్చాం. మంచం లేదు కాబట్టి నేల మీద చాప వేశాం. ఆ ఇంటి గచ్చు వాన మబ్బు కమ్మితే చాలు, చెమ్మ ఊరేది. లేవదీయాలంటే ముగ్గురం పట్టాలి. పట్టినప్పుడల్లా ఆయన పళ్ళు బిగించుకోవడం మాకు కనిపించేది.

అప్పోసొప్పో చేసి బజారులో కొత్త మంచం కొందామని మా ఆయన అన్నాడు. మామయ్య ఒప్పుకోలేదు. "కొత్త మంచం మీద మొదలు రోగిష్టోడు పండితే ఇగ లేవడురా. మా నాయన గట్లనే పోయిండు. నాకొద్దు" అన్నారు. ఆయనది పెద్దగా మాట్లాడే స్వభావం కాదు. అలాంటివాళ్ళు ఒక మాట అన్నారంటే అది రాయి మీద గీతే. డాక్టరు మాట ఒకవైపు, ఈయన పట్టు ఒకవైపు, మధ్యలో ముసురు దిగబోతున్నది. అత్తమ్మ చీర చెంగు నడుముకు దోపుకుని, "మా ఇంట్ల కట్టె లేదా ఏంది? నడు బిడ్డా" అని నన్ను వెంటబెట్టుకుని ఊరికి బస్సెక్కింది.

ఊళ్ళో పాత మట్టింటి వెనక గోడ అంతకు రెండు వానాకాలాల ముందే కూలింది. వంటిల్లు పోయింది గానీ, దాని టేకు తలుపు, తలుపు చుట్టూ ఉండే దర్వాజా అత్తమ్మ చేతికి చిక్కాయి. వాటిని పశువుల కొట్టంలో అటక మీద చొప్పకట్టల కింద దాచిపెట్టింది. ఇప్పుడు వాటిని దింపించి, వడ్రంగం చేసే వడ్లాయనను పిలిచింది. ఊరి వరుసలో ఆయన ఆమెకు మరిది. తలుపు రెక్కలు మంచం పైబల్లలకు, దర్వాజా నిలువు కమ్మెలు రెండూ పొడుగు పట్టెలకు, విరిగిన బండి నొగ కోళ్ళకు సరిపోతాయని ఇద్దరూ జానలతో కొలుచుకుని తేల్చారు. ఆ దర్వాజా కింది గడప దగ్గరికి వచ్చేసరికి వడ్లాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "గడప మీద పండుడు వద్దు వదినే. పసుపు రాసిన కట్టె" అన్నాడు. "నాకు తెల్వదా? దాన్ని నువ్వు ముట్టకు" అని అత్తమ్మ దాన్ని తుడిచి, దేవుడి గూటి కింద గోడవారగా ఆనించింది. అది చాలా ఏళ్ళు అక్కడే ఉంది, ప్రతి శుక్రవారం పసుపు పూయించుకుంటూ.

వడ్లాయన చింతచెట్టు నీడలో పని పెట్టుకున్నాడు. చిత్రిక పట్టిన చోటల్లా నల్లబడిన చెక్క లోపల తేనెరంగు బయటపడుతుంటే అత్తమ్మ తన పనులు మానుకుని చూస్తూ కూర్చునేది. నాకప్పుడు తెలియలేదు గానీ, ఆ రంగే ఆమెను పాడు చేసింది. మూడొంతులు పని అయ్యాక మెల్లగా, "మరిదీ, ఈ చిల్లులు లక్కతోని పూడ్వరాదు? పైన వార్నిష్ గూడ కొట్టు" అంది. ఆయన ఉలి పక్కన పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏంది వదినే, నువ్వేనా మాట్లాడేది? చిల్లులు పూడ్చుడు మన దిక్కు ఉందా?"

"అది పట్నంల ఉండే మంచం. పదిమంది వచ్చిపోతరు. పాత సామాన్ల దుకాణం అనిపించుకున్నది చాలు."

"నీ ఇష్టం. నన్ను అనొద్దు మరి" అని ఆయన చెక్కపొట్టు లక్కలో కలిపి, కరిగించి, ఒక్కొక్క చిల్లే నింపాడు. చిల్లులే కాదు, ఒక పొడుగు పట్టెకు రెండు చోట్ల వేలు పట్టేంత లోతు గాట్లు ఉంటే వాటినీ నింపి చదును చేశాడు. ఆ గాట్లు ఏమిటని నేను అడగలేదు. వార్నిష్ ఆరేసరికి మంచం నిజంగా పెళ్ళివారి మంచంలా ఉంది. దారిలో ఫారెస్టువాళ్ళ చెక్‌పోస్టు ఉన్న సంగతి అత్తమ్మకు తెలియక కాదు. ఓనరమ్మ మాట దానికి అడ్డం నిలబడింది, అంతే.

పక్కింటివాళ్ళ ట్రాక్టరు రిపేరుకని కొత్తగూడెం పోతుంటే, మంచాన్ని ఊడదీసి ట్రాలీలో వేయించుకుని, ఆ పట్టెల మీదే మేమిద్దరం కూర్చున్నాం. సన్నగా జల్లు మొదలైంది. తడికి వార్నిష్ ఇంకా మెరిసింది. అడవి మధ్య చెక్‌పోస్టు దగ్గర కర్ర అడ్డంగా ఉంది. గార్డు చిన్నవాడే. ట్రాలీ చుట్టూ తిరిగి, "పర్మిట్ చూపియ్యి పెద్దమ్మా" అన్నాడు.

"పాత తలుపు బిడ్డా. మా వంటింటిది. దానికి పర్మిట్ ఏంది?"

"పాతదా? ముఖం చూస్కోవచ్చు గిందుల!"

ఆ మాట ఇంకోరోజు ఇంకొకరు అని ఉంటే అత్తమ్మ పొంగిపోయేది. ఇప్పుడు ఆమె ముఖం పాలిపోయింది. నేను కల్పించుకుని, "అయ్యా, మా మామగారికి ఒంట్లో బాగోలేదండీ, నమ్మండి" అన్నాను. నా వార్తల తెలుగు విని అతనికి అనుమానం ఇంకా పెరిగింది. బయటినుంచి వచ్చినవాళ్ళం కలప తరలిస్తున్నామనుకున్నాడు కాబోలు. చెక్క దింపాలన్నాడు. రేంజరు వచ్చి చూసేదాకా ఇక్కడే ఉండాలి, ఆయన ఎప్పుడు వస్తాడో చెప్పలేను అన్నాడు. మా ఇద్దరికీ ఒకేసారి ఆ చెమ్మ గచ్చు, ఆ చాప కళ్ళముందు కదిలాయి. ఒకసారి దింపిన చెక్క మళ్ళీ ఎప్పుడు చేతికొస్తుందో ఆ దిక్కున ఎవరినడిగినా చెబుతారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

అత్తమ్మ ఏడవలేదు. కొప్పులోంచి ఇనుప పిన్ను లాగింది. జుట్టు వీపు మీద పడింది. వంగి, తను ముచ్చటపడి పూడ్పించిన చిల్లులోనే పిన్ను గుచ్చి లక్క పెళ్ళగించింది. ఒకటి, ఇంకొకటి. లోపలి నల్లటి తుప్పు మరక బయటపడింది. "సూడు సారూ, పాత మేకులు" అంది. అతను వంగి చూశాడు గానీ తల అడ్డంగా ఊపాడు. "చిల్లులు చూపిస్తే కాదు పెద్దమ్మా. కొత్త టేకుకు మేకులు గొట్టి, పీకి, మసి వూసి పాతదని తెచ్చెటోళ్ళను మస్తుమందిని చూసిన." నలభై ఏళ్ళ తర్వాత ఆ పనే బాహాటంగా చేసి దుకాణంలో పెడతారని పాపం ఆ గార్డుకేం తెలుసు.

అత్తమ్మ ఏదో గుర్తొచ్చినట్టు పట్టెలన్నీ తడిమింది. ఒకదాని దగ్గర ఆగి, గోటితో గీకి, పిన్నుతో పెళ్ళగించబోతే పిన్ను వంగిపోయింది. డ్రైవరు దగ్గర స్క్రూడ్రైవరు తీసుకుని ఆ గాట్లలో నింపిన లక్కంతా తవ్విపోసింది. ట్రాలీకి కట్టిన తాడు విప్పి, ఆ గాట్లలో చుట్టి చూపించింది. తాడు వాటిలో కుదురుకుని కూర్చుంది. గాటు లోపల చెక్క ఏటి రాయంత నున్నగా ఉంది, ఏళ్ళ తరబడి వెన్న చేతులు తగిలి జిడ్డుగా నల్లబడి ఉంది.

"చల్ల చిలికేటప్పుడు కవ్వం నిలబడెటందుకు దర్వాజకు తాడు కడ్తం గదా సారూ. ఆ తాడు ఒరిసిన గాటు ఇది. నేను కాపురానికొచ్చిన తెల్లారి సంది చిలికిన. ఇది గూడ మేకులు గొట్టి చేసిందేనా?" తాడు వదలకుండానే అతని వైపు తిరిగింది. "మా ఇంటాయన నడుమిరిగి నేల మీద పండిండు బిడ్డా. ఆయన కోసం తీస్కపోతున్న."

గార్డు గాటులో వేలు పెట్టి అటూ ఇటూ నడిపాడు. చాలాసేపే నడిపాడు. తర్వాత చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకుంటూ నవ్వాడు. "గింత గాటు పడేదాక కూసోని చల్ల చిలికే దొంగ ఎవడుంటడు? పోండి పెద్దమ్మా. జల్దీ పోండి, వాన వస్తున్నది" అన్నాడు. కర్ర పైకి లేస్తుండగా వెనకనుంచి అరిచాడు, "మల్లెప్పుడు చిల్లులు పూడ్వకుండ్రి!"

ట్రాక్టరు కదిలాక అత్తమ్మ స్క్రూడ్రైవరు తిరిగి ఇవ్వలేదు. ఆ జల్లులో, ఆ కుదుపుల్లో, మిగిలిన చిల్లులన్నీ ఒక్కొక్కటే తవ్వుతూ కూర్చుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనిపించింది గానీ పైకి అనలేదు. "ఇంకెందుకత్తమ్మా, అతను వదిలేశాడు కదా" అన్నాను. ఆమె తలెత్తకుండానే, "ఇంకొక మనిషి ఉన్నడు గదా బిడ్డా, చెక్ చేసెటోడు" అంది.

ఆమె అన్నట్టే అయింది. మంచం బిగించి చాప పక్కకు జరపగానే, కిటికీ వెలుతురులో మెరిసే వార్నిష్ చూసి మామయ్య ముఖం గోడవైపు తిప్పుకున్నారు. "కొత్తది తెచ్చిన్రా? చెప్పలే నేను? పండ." మా ఆయన ఏదో చెప్పబోతే అత్తమ్మ చేత్తో ఆపింది. వాదించలేదు. చాప పక్కన కూర్చుని, ఆయన కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, పట్టె మీది గాటులో పెట్టింది. ఆయన బొటనవేలు అందులో ఒకసారి జారింది. మళ్ళీ జారింది.

"చల్ల తాడు గాటు గదనే ఇది" అన్నారు.

"అవ్."

"వంటింటి తలుపా?"

"అవ్. గడప తేలే."

ఆయన ముఖం ఇటు తిప్పారు. "మంచిగ చేసినవ్. పండబెట్టుండ్రి" అన్నారు.

మర్నాడు ఓనరమ్మ పరామర్శకు వచ్చి మంచం చుట్టూ చూసి, "అయ్యో, ఇంత మంచి టేకుకు ఈ చిల్లులేంది పెద్దమ్మా? లక్కతోని పూడిపిచ్చుకోకపోయిన్రా?" అంది. అత్తమ్మ నా వైపు చూసింది. "పూడిపిచ్చిన బిడ్డా. మల్ల తీసిన" అంది. ఆ రోజు అన్నం కడుపునిండా తింది.

వానలు వెనకబడి చలి మొదలయ్యేనాటికి మామయ్య కర్ర పట్టుకుని నిలబడ్డారు, తర్వాత నడిచారు. ఆయనతోపాటు మంచమూ ఊరికి తిరిగి వెళ్ళింది. చెక్‌పోస్టు దగ్గర అదే గార్డు ఉన్నాడు, ట్రాలీ వైపు చూసి, పర్మిట్ అడగకుండా, "చల్ల తెచ్చినవా పెద్దమ్మా?" అని అడిగాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మామయ్య ఆ మంచం మీదే పడుకున్నారు. మగత పట్టేదాకా బొటనవేలితో ఆ గాటును రాస్తూ ఉండటం ఆయనకు అలవాటైపోయింది. ఆయన పోయాక అత్తమ్మ ఆ మంచానికి మారింది. ఎటు తిరిగి పడుకున్నా ఆమె చెయ్యి ఆ పట్టె మీదే ఉండేది. అడిగితే, "చల్లగుంటది బిడ్డా, అందుకని" అనేది.

ఇప్పుడది మా ఇంట్లో ఉంది. నా నడుముకూ డాక్టరు అదే మాట చెప్పాడు కాబట్టి నేనే పడుకుంటున్నాను. ఆ దుకాణం నుంచి తిరిగొచ్చాక మా అమ్మాయి కాసేపు దాని పక్కన నిలబడి, చిల్లుల మీద చెయ్యి వేసి, "అమ్మా, దీన్ని మళ్ళీ పాలిష్ పెట్టించనా?" అంది. పెట్టించుకో, కానీ ఏ చిల్లూ పూడ్చనివ్వకు అన్నాను. కవ్వం ఏమైందో నాకు తెలియదు, తాడు ఎప్పుడో చీకిపోయింది, చిలికిన చేతులూ ఆ చేతుల్ని తడుముకున్న వేలూ వెళ్ళిపోయాయి. కాలం అన్నిటినీ పట్టుకుపోయినా, అవి ఒరుసుకున్న చోటు మాత్రం నా వేలు పట్టేంత మేర నాకు వదిలిపెట్టింది.